పర్లాకిమిడి నిజామాబాదు పక్కకు ఎలా చేరుతుంది: ఉపగ్రహ చిత్రాల ప్రొజెక్షన్ మార్పు

గుణుపురంలో రైలెక్కి నౌపడ వైపు వచ్చేవారు కాశీనగరం దాటి పర్లాకిమిడి చేరేలోపు ఒక గీతను దాటతారు. అక్కడ బోర్డు లేదు, సరిహద్దు రాయి లేదు. అది 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆంధ్ర, ఒడిశాల మధ్య హద్దు అందరికీ తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. ఈ రెండో గీత గురించి మాట్లాడుకునేవారు తక్కువ. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసేవారిని మాత్రం రాష్ట్రాల హద్దు కంటే ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

గుండ్రటి భూమిని చదునైన పటం మీదికి తేవడానికి ఎక్కువగా వాడే యూటీఎం పద్ధతి భూగోళాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పున్న 60 నిలువు పట్టీలుగా కోస్తుంది. 78 నుంచి 84 డిగ్రీల దాకా 44వ పట్టీ, 84 నుంచి 90 దాకా 45వ పట్టీ. రాయగడ, గుణుపురం, కాశీనగరం 44లో ఉన్నాయి. పర్లాకిమిడి, మహేంద్రగిరి, బరంపురం 45లో ఉన్నాయి. మహేంద్రతనయ 45లో పుట్టి 44లోకి వచ్చి వంశధారలో కలుస్తుంది. వంశధార కలహండి కొండల్లో మొదలై దారి పొడవునా 44లోనే నడిచి, హిరమండలానికి దిగువన గీత దాటి, కళింగపట్నం దగ్గర సముద్రాన్ని చేరేసరికి 45లో ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లకూ కోత ఇక్కడే పడింది. 65వ నంబరు షీట్లు 84 దగ్గర ఆగిపోతే అక్కడి నుంచి 74వ నంబరు షీట్లు మొదలవుతాయి. ఈ లోయను ఒకే పటంలో చూడాలనుకున్నవారు ఆ రోజుల్లోనూ రెండు కాగితాలు అతికించుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడా అతుకు కంప్యూటర్ వేస్తుంది. గజపతి, రాయగడ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడుతూ వాటర్‌షెడ్ పథకాలకో, అటవీ హక్కుల దరఖాస్తులకో, పంట నష్టం లెక్కలకో పటాలు తయారుచేసే యువకులు చాలామంది దీనికోసం జీడాల్ మీద ఆధారపడతారు. ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పటాలు తయారుచేసే క్యూజీఐఎస్ అనే ప్రోగ్రాంలో మెనూ నొక్కి ప్రొజెక్షన్ మార్చినా లోపల నడిచేది దీనిలోని జీడాల్‌వార్ప్ అనే ఆదేశమే. ఆ మెనూ వదిలి టెర్మినల్‌లో ఆదేశం రాయడం నేర్చుకోవడం మేలు. రాసిన ఆదేశం ఫైల్లో మిగిలిపోతుంది కాబట్టి ఆరు నెలల తర్వాత ఇదే పని ఎలా చేశామో చూసుకోవచ్చు, ఇంకొకరు సరిచూడవచ్చు. మెనూలో నొక్కిన బటన్లకు ఆ జాడ ఉండదు. ఇక్కడ ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నా టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

పేరు మార్చడం వేరు, చిత్రం మార్చడం వేరు

ఈ పనిలో అందరికంటే ముందు జరిగే తప్పు ఒకటుంది. పర్లాకిమిడి చిత్రం 45వ పట్టీలో ఉంది, గుణుపురం చిత్రం 44లో ఉంది, రెండూ కలవడం లేదు. కొత్తవారికి తోచేది పర్లాకిమిడి ఫైలు మీద ఉన్న 45 అనే గుర్తును చెరిపి 44 అని రాయడం. జీడాల్ అందుకూ వీలిస్తుంది (ఈపీఎస్‌జీ అంటే ఒక్కో పటం లెక్కకు ఇచ్చిన గుర్తింపు నంబరు):

జీడాల్_ఎడిట్ -ఏ_ఎస్‌ఆర్‌ఎస్ ఈపీఎస్‌జీ:32644 పర్లాకిమిడి.టిఫ్

ఆదేశం ఒక్క క్షణంలో ముగుస్తుంది, ఎర్రర్ ఏదీ రాదు. కానీ పటం తెరిస్తే పర్లాకిమిడి నిజామాబాదుకు కాస్త ఉత్తరాన, మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా పొలిమేరకు దగ్గర్లో కనిపిస్తుంది. ఒడిశా సరిహద్దు ఊరు మహారాష్ట్ర సరిహద్దు దాకా జరిగిపోయింది.

ఎందుకంటే ప్రతి పట్టీకీ సొంత లెక్క ఉంటుంది. పట్టీ నడుమ రేఖాంశాన్ని 5,00,000 మీటర్లు అని పేరు పెట్టి, అక్కడి నుంచి తూర్పుకూ పడమరకూ కొలుస్తారు. 44కి నడుమ రేఖ 81 డిగ్రీలు, 45కి 87. పర్లాకిమిడి అక్షాంశం మీద 84వ రేఖ 44 లెక్కలో దాదాపు 8,16,000 మీటర్ల దగ్గర, 45 లెక్కలో దాదాపు 1,84,000 మీటర్ల దగ్గర పడుతుంది. చోటు ఒకటే అయినా అంకెలకు 6,32,000 మీటర్ల తేడా. అంకెలు అలాగే ఉంచి పట్టీ పేరు మాత్రం మారిస్తే చిత్రం సరిగ్గా ఆరు డిగ్రీలు పడమరకు దూకుతుంది. పర్లాకిమిడి 84.09 దగ్గర ఉంటే నిజామాబాదు 78.09 దగ్గర ఉంది.

నౌపడ-గుణుపురం రైలు ఎరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. 1900లో పర్లాకిమిడి దాకా వేసిన ఆ లైను రెండున్నర అడుగుల చిన్న పట్టాలది. నౌపడలో దిగి మూటలు మోసుకుని పెద్ద పట్టాల బండి ఎక్కడం ఈ ప్రాంతంలో ఒక తరం మొత్తానికి అలవాటు. ఇప్పుడు లైనంతా బ్రాడ్ గేజ్ అయిందంటే పెట్టెల మీద పేరు మార్చడం వల్ల కాదు, కట్ట మీద పట్టాలన్నీ తీసి కొత్తవి వేయడం వల్ల. ప్రొజెక్షన్ మార్చడమూ అలాంటిదే. ప్రతి పిక్సెల్‌నూ కొత్త గడిలో మళ్లీ పరచాలి:

జీడాల్‌వార్ప్ -టీ_ఎస్‌ఆర్‌ఎస్ ఈపీఎస్‌జీ:32644 పర్లాకిమిడి.టిఫ్ పర్లాకిమిడి_44.టిఫ్

ఇక్కడ టీ_ఎస్‌ఆర్‌ఎస్ అంటే చేరవలసిన లెక్క. 326 అంకెలు ఉత్తరార్ధగోళపు యూటీఎంను, చివరి 44 పట్టీని చెబుతాయి. మూల లెక్క ఏమిటో ఫైల్లోనే రాసి ఉంటే జీడాల్ చదువుకుంటుంది. రాసి లేకపోయినా, తప్పుగా రాసి ఉందని ఖాయంగా తెలిసినా మాత్రమే -ఎస్_ఎస్‌ఆర్‌ఎస్ ఇవ్వాలి. ఊహించి ఇస్తే మళ్లీ నిజామాబాదు దారే. పని మొదలుపెట్టే ముందు జీడాల్‌ఇన్ఫో కొట్టి ఫైలు లెక్క, పిక్సెల్ కొలత, నాలుగు మూలల అంకెలు చూడటం రెండు నిమిషాల పని. అది చూడకుండా ముందుకు పోవడం విత్తనం చూడకుండా నారు పోసినట్టు.

వెనక్కి అడిగే లెక్క

వార్ప్ లోపల జరిగేది చాలామంది అనుకునే వరుసకు తలకిందులుగా ఉంటుంది. పాత చిత్రంలోని ఒక్కో పిక్సెల్‌నూ తీసి కొత్త చోట పెట్టదు. అలా చేస్తే కొన్ని చోట్ల రెండు పిక్సెళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, కొన్ని చోట్ల ఖాళీలు మిగులుతాయి. అందుకే ముందు కొత్త చిత్రానికి ఖాళీ గడులు గీసుకుంటుంది. ఆ తర్వాత ఒక్కో ఖాళీ గడి దగ్గర నిలబడి వెనక్కి అడుగుతుంది: ఈ గడి నడిబొడ్డు నేల మీద ఎక్కడ పడుతుంది, ఆ చోటు పాత చిత్రంలో ఎన్నో వరుసలో ఎన్నో నిలువులో ఉంది? జవాబు దాదాపు ఎప్పుడూ పూర్ణాంకం కాదు. 412.37వ నిలువు, 1,880.81వ వరుస అని వస్తుంది. అక్కడ పిక్సెల్ లేదు. చుట్టూ ఉన్న పిక్సెళ్లను చూసి ఒక విలువ తేల్చాలి. దాన్నే రీసాంప్లింగ్ అంటారు.

కోట్ల గడులకు ఈ లెక్క పూర్తిగా చేస్తే చాలా సేపు పడుతుంది. అందుకని జీడాల్ ఒక వరుసలో కొన్ని బిందువులకే అసలు లెక్క చేసి, మధ్యవాటిని సరళరేఖ మీద అంచనా కడుతుంది. ఆ అంచనాలో తప్పు 0.125 పిక్సెల్ దాటబోతే ముక్కను ఇంకా చిన్నది చేసుకుంటుంది. పది మీటర్ల చిత్రంలో అది మీటరుంబావు. పొలాల పటానికి ఇది సరిపోతుంది. అంతకంటే కచ్చితం కావాలంటే -ఈటీ 0 అని ఇస్తే ప్రతి గడికీ అసలు లెక్కే చేస్తుంది.

45 నుంచి 44కి మార్చిన చిత్రం కొద్దిగా పక్కకు తిరిగినట్టు కనిపిస్తుంది. ఇది తప్పు కాదు. పట్టీ నడుమ రేఖ దగ్గరే పటం ఉత్తరం, నిజమైన ఉత్తరం ఒకటవుతాయి. అంచుకు వచ్చేకొద్దీ రెండింటి మధ్య కోణం పెరుగుతుంది. పర్లాకిమిడి అక్షాంశం దగ్గర 84వ రేఖ మీద ఆ కోణం దాదాపు ఒక డిగ్రీ. 44లో ఒక వైపు, 45లో ఎదుటి వైపు. అంటే రెండు పట్టీల గడుల మధ్య మొత్తం వాలు రెండు డిగ్రీలకు కొంచెం తక్కువ. వినడానికి చిన్నదే కానీ వంద కిలోమీటర్ల పొడవున అది దాదాపు 3.4 కిలోమీటర్లు అవుతుంది. చిత్రం నాలుగు అంచుల్లో నల్లటి కోణపు ముక్కలు రావడానికి కారణం ఇదే. వాలిన చతురస్రాన్ని నిటారు పెట్టెలో పెడితే మూలలు ఖాళీగా ఉంటాయి.

వంశధార ఇసుక మీద మంచు

రీసాంప్లింగ్ పద్ధతి చెప్పకపోతే జీడాల్ దగ్గరి పిక్సెల్‌నే ఎత్తి పెడుతుంది. ఆ పద్ధతి పేరు నియర్. బైలీనియర్ అంటే చుట్టూ ఉన్న నాలుగింటిని దూరం బట్టి కలిపి సగటు తీస్తుంది. క్యూబిక్ పదహారింటిని చూస్తుంది. చిత్రం నునుపుగా, అందంగా రావాలని చాలామంది అన్నిటికీ క్యూబిక్ వాడతారు. అక్కడే పెద్ద నష్టం జరుగుతుంది.

యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 2020, 2021 సంవత్సరాలకు ఇచ్చిన వరల్డ్‌కవర్ అనే భూవినియోగ పటాన్ని చూద్దాం. పది మీటర్ల పిక్సెళ్లు, ఒక్కో రకం నేలకు ఒక్కో సంఖ్య. చెట్లు 10, పంట భూమి 40, కట్టడాలు 50, బోడి నేల 60, నీళ్లు 80. వేసవిలో వంశధార పాయ పక్కన ఇసుక మేట ఉంటుంది. ఇసుక 60, నీళ్లు 80. ఈ పటాన్ని బైలీనియర్‌తో యూటీఎంలోకి మారిస్తే నీళ్లూ ఇసుకా కలిసే ఒడ్డున సగటు 70 వస్తుంది. ఆ పటంలో 70 అంటే మంచు. కాశీనగరం రేవులో మంచు గడ్డలు పేరుకున్నట్టు కంప్యూటర్ లెక్క చెబుతుంది. అది చూడగానే తప్పని తెలుస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువ. అంతకంటే భయపడాల్సినది కనిపించని తప్పు. చెట్ల పిక్సెల్ 10, కట్టడం 50. రెండింటి మధ్య సగటు 30 వస్తే అది గడ్డి భూమి. ఊరి చుట్టూ లేని పచ్చిక బయలు పుడుతుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. ఆ పటం మీద పశుగ్రాసం లెక్క వేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

సంఖ్య రకానికి పేరైతే సగటు తీయకూడదు. నియర్ వాడాలి, లేదా పెద్ద పిక్సెల్‌లోకి మార్చేటప్పుడు మోడ్ వాడాలి. గడిలో ఎక్కువగా ఉన్న రకాన్నే మోడ్ ఎంచుకుంటుంది. పోడు, తోట, పల్లపు మడి అని ఎవరైనా సొంతంగా వర్గీకరించిన పటానికీ ఇదే వర్తిస్తుంది.

ఎత్తుల చిత్రానికి మాత్రం నియర్ పనికిరాదు. రెండు డిగ్రీల వాలున్న గడుల మధ్య నియర్ వాడితే దాదాపు ముప్పై పిక్సెళ్లకు ఒకసారి వరుస ఒక మెట్టు జరుగుతుంది. నేరుగా ఉన్న రోడ్డు పది మీటర్ల చిత్రంలో మూడు వందల మీటర్లకు ఒకసారి విరిగినట్టు కనిపిస్తుంది. ఎత్తుల్లో అయితే ఆ మెట్లు వాలు లెక్కలోకి దూరుతాయి. మహేంద్రగిరి చుట్టూ కొండవాలు పటం వేస్తే నిజంగా లేని గీతలు కొండ పొడవునా అడ్డంగా నడుస్తాయి. గెడ్డ ఎటు పారుతుందో చెప్పే లెక్క ఆ గీతల వెంట తప్పుదారి పడుతుంది. ఎత్తుకు బైలీనియర్ గానీ క్యూబిక్ గానీ సరైనవి, ఎందుకంటే 300 మీటర్లకూ 310 మీటర్లకూ మధ్య 305 మీటర్లు నేల మీద నిజంగా ఉంటుంది. ఇసుకకూ నీళ్లకూ మధ్య మంచు ఉండదు.

బైలీనియర్ అయినా క్యూబిక్ అయినా ప్రతిసారీ చిత్రాన్ని కొంత మసకబారుస్తుంది. గజపతి కొండల్లో సవరలు రాళ్ల గట్లు కట్టి చేసే మెట్టు పొలాల్లో ఒక్కో మడి వెడల్పు చాలా చోట్ల ఒక పిక్సెల్ కంటే తక్కువ. ఒకసారి 45 నుంచి డిగ్రీల్లోకి, మళ్లీ డిగ్రీల నుంచి 44కి, ఆ తర్వాత కత్తిరించడానికి ఇంకోసారి మారిస్తే ఆ మడులు పక్క మడుల్లో కరిగిపోతాయి. కాబట్టి వార్ప్ ఒకేసారి జరగాలి, అదీ మూల ఫైలు నుంచే జరగాలి. ప్రొజెక్షన్, పిక్సెల్ కొలత, కత్తిరింపు అన్నీ ఒకే ఆదేశంలో ఇచ్చే వీలుండగా మూడు విడతలుగా చేయడానికి కారణం కనిపించదు. మధ్యలో చూసుకోవాలనిపిస్తే -ఓఎఫ్ వీఆర్‌టీ ఇస్తే చాలు. పిక్సెళ్లేవీ రాయకుండా, ఎలా మార్చాలో చెప్పే చిన్న ఫైలు మాత్రం వస్తుంది. తక్కువ మెమరీ ఉన్న లాప్‌టాప్‌లకు ఇది గొప్ప వెసులుబాటు.

అసలు వార్ప్ అవసరం లేకుండానే పని జరిగితే ఇంకా మంచిది. యూరప్ ఉపగ్రహాలైన సెంటినెల్-2 తీసే చిత్రాలు దాదాపు 110 కిలోమీటర్ల చతురస్రాలుగా వస్తాయి. పట్టీల అంచున ఇవి ఒకదాని మీదికి ఒకటి వస్తాయి కాబట్టి అదే నేల 44 లెక్కలోనూ 45 లెక్కలోనూ దొరుకుతుంది. పర్లాకిమిడి చుట్టుపక్కల పది కిలోమీటర్లే కావాలంటే అవసరమైన పట్టీలోనే నేరుగా దొరికే చతురస్రం ఉందేమో ముందు వెతకాలి.

గడులు కలవాలి

ప్రొజెక్షన్ ఒకటైనంత మాత్రాన రెండు చిత్రాలు కలిసిపోవు. గడుల కొలతా, గడులు మొదలయ్యే చోటూ రెండూ కలవాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లానూ గజపతి కొండలనూ అతలాకుతలం చేసింది. అలాంటి తుపానుకు ముందు చిత్రం ఒకటి, తర్వాత చిత్రం ఒకటి తీసుకుని తేడా చూడాలనుకుందాం. మొదటిది 44లో, రెండోది 45లో దొరికాయి. రెండోదాన్ని 44కి మార్చారు. కొలత చెప్పకపోతే జీడాల్ మూల చిత్రం వికర్ణం బట్టి తానే ఒక కొలత తేలుస్తుంది. అది పదికి బదులు 10.004 లాంటి అంకె కావచ్చు, మొదటి గడి కూడా ఏదో భిన్నం దగ్గర మొదలవుతుంది. ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే ప్రతి పొలం గట్టు మీదా, ప్రతి చెరువు ఒడ్డునా మార్పు జరిగినట్టు సన్నటి గీతలు వస్తాయి. నీరు ముంచిన పొలం ఏదో, గడి జరిగిన పొలం ఏదో తెలియదు.

మందు చిన్నదే:

జీడాల్‌వార్ప్ -టీ_ఎస్‌ఆర్‌ఎస్ ఈపీఎస్‌జీ:32644 -టీఆర్ 10 10 -ట్యాప్ -ఆర్ బైలీనియర్ తర్వాత.టిఫ్ తర్వాత_44.టిఫ్

టీఆర్ పిక్సెల్ కొలత. ట్యాప్ ఇస్తే గడుల అంచులు ఆ కొలత గుణిజాల మీదే పడతాయి. పదితో భాగిస్తే శేషం మిగలని చోటే ప్రతి గడీ మొదలవుతుంది. ఎన్ని చిత్రాలు మార్చినా, ఎవరు ఏ కంప్యూటర్‌లో మార్చినా గడులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఈ చిన్న మాటకు మాన్యువల్‌లో దక్కిన చోటు దాని విలువకు చాలదు.

టీఆర్ విలువ చేరవలసిన లెక్క ప్రమాణంలో ఉంటుందని మరవకూడదు. యూటీఎం అయితే మీటర్లు, ఈపీఎస్‌జీ:4326 అయితే డిగ్రీలు. 4326 ఇచ్చి టీఆర్ 10 10 కొడితే పది డిగ్రీల పిక్సెల్ వస్తుంది. గజపతి, రాయగడ, శ్రీకాకుళం మూడూ ఒకే చుక్కలో సరిపోతాయి. ఎదుటి దిక్కున, డిగ్రీల్లో వచ్చే ఎత్తుల చిత్రంలో ఒక్క సెకను (డిగ్రీలో 3,600వ వంతు) గడి ఈ అక్షాంశం దగ్గర చతురస్రం కాదు. ఉత్తర-దక్షిణాలు దాదాపు 30.7 మీటర్లు, తూర్పు-పడమరలు దాదాపు 29.3. యూటీఎంకు మార్చేటప్పుడు 30 30 అని తేల్చి చెబితే తర్వాత గొడవ ఉండదు.

విలువ లేని పిక్సెళ్ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పాత ఎత్తుల ఫైళ్లలో లెక్క దొరకని చోట -32768 అని రాసి ఉంటుంది. ఆ అంకెకు అర్థం ‘ఖాళీ’ అని ఫైల్లో గుర్తు లేకపోతే బైలీనియర్ దాన్నీ ఎత్తుగానే తీసుకుని పక్క కొండతో సగటు కడుతుంది. కొండ అంచున పాతాళం లాంటి గుంటలు పడతాయి. -ఎస్‌ఆర్‌సీనోడేటా -32768 -డీఎస్‌టీనోడేటా -32768 ఇస్తే ఆ పిక్సెళ్లను పక్కన పెడుతుంది. సముద్రం కలిసిన చిత్రంలో సున్నాను ఖాళీ గుర్తుగా పెట్టకూడదు. కళింగపట్నం ఒడ్డు ఎత్తు సున్నా అయితే ఆ నేల కూడా మాయమవుతుంది.

అతికించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. జీడాల్‌బిల్డ్‌వీఆర్‌టీ వేర్వేరు లెక్కల చిత్రాలను కలపదు. లెక్క కలవని ఫైలును వదిలేశానని ఒక హెచ్చరిక రాసి ముందుకు పోతుంది. ఆ వాక్యం చదవకపోతే పర్లాకిమిడి లేని లోయ పటం తయారవుతుంది. జీడాల్‌వార్ప్‌కు మాత్రం రెండు పట్టీల ఫైళ్లు ఒకేసారి ఇవ్వవచ్చు. ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట ఆఖరున ఇచ్చినదే పైకి వస్తుంది కాబట్టి మబ్బులు తక్కువున్న చిత్రాన్ని చివర రాయాలి. రెండోది, అదే పేరుతో ఫైలు ముందే ఉంటే జీడాల్ దాన్ని చెరిపి కొత్తది రాయదు. పాత ఫైలు మీదే, పాత లెక్కలోనే కొత్త పిక్సెళ్లు పూస్తుంది. నిన్నటి తప్పుడు ప్రయత్నం ఇవాళ్టి చిత్రంలో అలా మిగిలిపోతుంది. -ఓవర్‌రైట్ అలవాటు చేసుకోవడం మంచిది.

ఏ పట్టీ, ఎవరి భూమి

లోయ రెండు పట్టీల్లో ఉన్నప్పుడు ఏది ఎంచుకోవాలి? వంశధార పరీవాహకం మొత్తానికైతే 44. నది ఎక్కువ భాగం అందులోనే ఉంది. గజపతి తూర్పు కొండలు, బరంపురం వైపు పనికైతే 45. పట్టీ అంచు దాటి కొంత దూరం వెళ్లినా కొంప మునగదు. 84వ రేఖ మీద యూటీఎం కిలోమీటరుకు దాదాపు 80 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, విస్తీర్ణంలో వెయ్యికి రెండు పాళ్లు కూడా తేడా రాదు. 84నే నడుమ రేఖగా పెట్టి సొంత ప్రొజెక్షన్ రాసుకునే వీలూ ఉంది. లెక్క అందంగా వస్తుంది కానీ ఆ ఫైలు ఇంకొకరికి ఇచ్చినప్పుడల్లా వివరించుకోవాలి. ఒక జిల్లాలో పలువురు కలిసి చేసే పనికి అందరికీ తెలిసిన నంబరే మేలు. నాందేడ్ వైపు పనిచేసేవారికీ ఇదే చిక్కుంది. అక్కడ 78వ రేఖ కోత పెడుతుంది. ధర్మాబాద్ 43లో ఉంటే కిన్వట్ 44లో పడుతుంది.

ఒక్కటి మాత్రం ఎంచుకోకూడదు: వెబ్ పటాల కోసం వాడే ఈపీఎస్‌జీ:3857. ఫోన్లో చూసే పటాలు ఎక్కువగా దీంట్లోనే ఉంటాయి కాబట్టి చాలామంది చిత్రాలను కూడా దీనికే మార్చి ఉంచుతారు. చూడటానికి పరవాలేదు, కొలవడానికి అసలు పనికిరాదు. భూమధ్యరేఖ నుంచి దూరమయ్యేకొద్దీ ఇది నేలను సాగదీస్తుంది. పర్లాకిమిడి అక్షాంశం దగ్గర విస్తీర్ణం దాదాపు 12 శాతం పెరిగి కనిపిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఒక కుటుంబానికి గుర్తించే సాగు భూమికి 4 హెక్టార్ల పరిమితి పెట్టింది. సరిగ్గా 4 హెక్టార్ల పోడు సాగుచేసుకునే సవర కుటుంబం భూమిని ఈ పటంలో పిక్సెళ్లు లెక్కపెట్టి కొలిస్తే దాదాపు నాలుగున్నర హెక్టార్లు తేలుతుంది. పరిమితి దాటిందని దరఖాస్తు ఆగిపోవచ్చు. పటం వేసినవారికి ఆదేశంలో ఒక నంబరు తేడా. ఆ కుటుంబానికి అది పట్టా. యూటీఎంలో కొలిస్తే ఇదే భూమికి తేడా డెబ్బై చదరపు మీటర్లు కూడా రాదు.

పాత కాగితాల సంగతి

ఈ ప్రాంతంలో భూమి తగాదాలు, ఊరి హద్దులు, ఎండిపోయిన చెరువులు వెతికేవారు చివరకు పాత పటాల దగ్గరికే వస్తారు. స్కాన్ చేసిన కాగితానికి లెక్కేమీ ఉండదు, అది ఒట్టి ఫొటో. నేల మీద చోటు తెలిసిన బిందువులను దానిపై గుర్తించి, జీడాల్_ట్రాన్స్‌లేట్‌లో -జీసీపీతో ఒక్కొక్కటీ రాయాలి. ముందు చిత్రంలో నిలువు, వరుస సంఖ్యలు, ఆ తర్వాత తూర్పు, ఉత్తర అంకెలు. అప్పుడు వార్ప్ ఆ బిందువులను బట్టి కాగితాన్ని సాగదీస్తుంది. సాగదీసే సమీకరణం ఎంత సంక్లిష్టమో చెప్పేది -ఆర్డర్. 1కి కనీసం 3 బిందువులు, 2కి 6, 3కి 10 కావాలి. టోపోషీటు నాలుగు మూలల్లోనూ అక్షాంశ రేఖాంశాలు అచ్చువేసి ఉంటాయి కాబట్టి వాటితో మొదలుపెట్టవచ్చు.

అయితే ఆ అంకెలు ఇప్పటి జీపీఎస్ అంకెలు కావు. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ 1830 దీర్ఘగోళం మీద లెక్కవేసినవి. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వేకు తర్వాత నాయకత్వం వహించిన జార్జ్ ఎవరెస్ట్ పేరు మీదుగా వచ్చిందది. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 భూమి అడ్డపు వ్యాసార్ధంతో పోలిస్తే ఎవరెస్ట్ భూమి ఎనిమిది వందల మీటర్లకు పైగా చిన్నది, దాని నడిబొడ్డు కూడా వేరే చోట ఉంది. దీన్ని పట్టించుకోకుండా షీటు మూలల అంకెలను నేరుగా 4326 అని రాస్తే పటమంతా దాదాపు రెండు వందల మీటర్లు పక్కకు జరుగుతుంది. గట్టు గొడవలో రెండు వందల మీటర్లంటే ఇంకొకరి పొలం. ఎస్_ఎస్‌ఆర్‌ఎస్‌గా కల్యాణ్‌పూర్ 1975 లెక్కను, అంటే ఈపీఎస్‌జీ:4146ను ఇచ్చి అక్కడి నుంచి 32645కి మార్చాలి.

ఊరి నక్షాలకు మూలల్లో అంకెలుండవు. వాటికి నేల మీద కదలనివి వెతకాలి. గుడి, చెరువు తూము, సర్వే రాయి, పాత స్టేషను భవనం. వంశధార మలుపును ఎన్నడూ బిందువుగా పెట్టకూడదు. ప్రతి వరదకూ ఆ ఒడ్డు జరుగుతుంది. కాగితం తడికి ఉబ్బి, మడతల దగ్గర సాగి ఉంటుంది కాబట్టి చాలామంది -టీపీఎస్ వాడతారు. అది ప్రతి బిందువునూ సరిగ్గా దాని చోటుకే లాగుతుంది. అందులోనే దాని ప్రమాదం ఉంది. ఒక బిందువు తప్పైతే ఆ తప్పు దగ్గరికే కాగితాన్ని నమ్మకంగా వంచుతుంది, తేడా ఎంతో చెప్పదు. మొదట ఆర్డర్ 1తో వేసి ఏ బిందువు ఎంత దూరంలో పడిందో చూసి, చెడ్డవి తీసేశాకే టీపీఎస్‌కు వెళ్లాలి. రెండు మూడు బిందువులను లెక్కలో కలపకుండా దాచి, చివర్లో వాటితో సరిచూడటం ఇంకా నమ్మదగిన పని.

2025లో వచ్చిన జీడాల్ 3.11 నుంచి ఇదే పనికి ‘జీడాల్ రాస్టర్ రీప్రొజెక్ట్’ అనే కొత్త ఆదేశం కూడా ఉంది. మాటలు మారాయి కానీ పైన చెప్పిన ముఖ్యమైన ఎంపికలు అందులోనూ ఉన్నాయి.

రెండు పట్టీలను అతికించిన చిత్రం సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఈ లోయలో మంచి కొలబద్ద ఉంది. గుణుపురం నుంచి పర్లాకిమిడి వచ్చే రైలు కట్ట సరిగ్గా 84వ రేఖను దాటుతుంది. పది మీటర్ల చిత్రంలో అది పొలాల మధ్య సన్నటి గీతలా కనిపిస్తుంది. అతుకు దగ్గర చిత్రాన్ని బాగా పెద్దది చేసి ఆ గీత వెంట కాశీనగరం వైపు నుంచి చూపు నడపాలి. ఒక పిక్సెల్ పక్కకు తప్పుకుంటే ట్యాప్ మరిచిపోయి ఉంటారు. కొన్ని వందల మీటర్లు జరిగితే ఏదో ఒక ముక్కకు ఎవరెస్ట్ లెక్క అంటుకుని ఉంటుంది. కట్ట అసలు కనిపించకుండా పోతే జీడాల్‌ఇన్ఫో కొట్టి రెండో ఫైలు మూలల అంకెలు చూడాలి. అది ఇంకా నిజామాబాదు దగ్గరే ఉంటుంది.